నంబరు ముక్క

మొదలుపెట్టిన రోజున అతని చేతిలో రెండు సగం బళ్ళున్నాయి. రెండూ కలిపితే ఒక నిండు బండి అవుతుందని అతని లెక్క.

అతన్ని బజారంతా బోల్టు అని పిలుస్తుంది. పాత బళ్ళు కొని, విప్పి, పనికొచ్చేది సామానుగా, పనికిరానిది ఇనుముగా అమ్మడం అతని వ్యాపారం. యార్డులో నేల మీద ఒక్క బోల్టు కనిపించినా వంగి తీసి జేబులో వేసుకుంటాడు. చొక్కా ఉతికే ముందు జేబులు దులిపే పని అతని భార్యది. ఆవిడ దగ్గర అలాంటివి డబ్బా నిండా ఉన్నాయి.

మొదటి సగం ఒక పాత మిలిటరీ ట్రక్కు బాడీ. తొమ్మిదేళ్ళ కిందట వేలంలో ట్రక్కు మొత్తం కొన్నాడు. ఇంజను ఒకడు పట్టుకుపోయాడు, ఇరుసులు ఇంకొకడు. ఛాసీ, అంటే చక్రాల మీద బండినంతా మోసే ఇనుప చట్రం, వంగిపోయి ఉండటంతో కొలిమికి పోయింది. బాడీ మాత్రం వెనక గోడ వారగా ఉండిపోయింది. ముందుకు మడిచే అద్దం, పలకలాంటి బానెట్టు, వేలితో తడితే ఖంగుమనే తలుపులు, చెక్కలు పరిచిన తొట్టి. వచ్చినవాడల్లా దాన్ని నిమిరి, ఆ రోజుల్లో ఇనుమే వేరని తల ఊపి, ఏ హెడ్‌లైటు గిన్నో కొనుక్కుని వెళ్ళిపోయేవాడు. కోసి పారేద్దామని బోల్టు రెండుసార్లు సుద్దతో గీతలు గీయించాడు, రెండుసార్లూ మనసొప్పక చెరిపించాడు. వ్యాపారంలో మనసు మాట విన్నది ఆ ఒక్క సరుకు విషయంలోనే.

రెండో సగం బావమరిదిది, అంటే భార్య తమ్ముడిది. పదకొండేళ్ళు పరాయి బళ్ళు తోలి, నాలుగేళ్ళ కిందట సొంతంగా ఒక పికప్ కొనుక్కున్నాడు. ఒక ఫర్నిచర్ షాపువాళ్ళ బీరువాలూ మంచాలూ ఇళ్ళకు చేరవేసేవాడు. కల్వర్టు దగ్గర ఎదురొచ్చిన లారీని తప్పించబోయి పల్టీ కొట్టాడు. కాలు విరిగింది. క్యాబిన్ అట్టపెట్టెలా నలిగింది. ఇంజను, గేర్లు, ఛాసీ మాత్రం చెక్కుచెదరలేదు.

ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని బోల్టు లెక్క చెప్పాడు. ఇన్సూరెన్సు వాళ్ళిచ్చేది కాలికే సరిపోతుంది. కంపెనీ క్యాబిన్ కొనాలంటే సగం బండి ఖరీదు. అదే మిలిటరీ బాడీని ఈ ఛాసీ మీద దింపితే ఖర్చు వెల్డింగు కడ్డీలూ, కూలీ. పైగా ఊరంతా తిరిగి తిరిగి చూసే బండి అవుతుంది. మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించాడు.

బావమరిది ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీ బాడీ, నా ఛాసీ. అక్కయ్య పెళ్ళినాడు కూడా ఇన్ని లెక్కలు చూసుకోలేదు బావా" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అన్నాడు: "ఏం చేస్తావో చెయ్యి. పొద్దున్నే ఇంకొకడి గుమ్మంలో నిలబడి తాళాలు అడుక్కునే పని మాత్రం మళ్ళీ నావల్ల కాదు."

షాపువాళ్ళు రెండు నెలలు ఆగుతామన్నారు. బండి కాగితాలన్నీ బావమరిది సంతకాలు పెట్టి బావ చేతికిచ్చాడు. ఏ సంతకం ఎందుకో అడగలేదు.

తప్పు జరిగింది ఆ రోజే. అది బోల్టుకు తెలియడానికి ఏడు వారాలు పట్టింది.

ఆసుపత్రి వరండాలోంచి అతను యార్డులో ఉన్న గ్యాసు మేస్త్రికి ఫోను చేశాడు. బావమరిది బండి వస్తోంది, నలిగినదంతా కోసేసి ఛాసీ పక్కన పెట్టమన్నాడు. అంతవరకే చెప్పాడు. ఆ తర్వాత డాక్టరు పిలిచాడు.

ఆ యార్డులో ఒక కట్టుబాటుంది. పెట్టింది బోల్టే. బాడీ ఊడిన ఛాసీ ఏది కంటపడ్డా, ఆ పొద్దు దాటకుండా, నంబరు కొట్టి ఉన్న చోటును అరచెయ్యంత ముక్కగా కోసి తీసేయాలి. చాలా ఏళ్ళ కిందట అతను అమ్మిన ఒక ఛాసీ నంబరును ఎవడో దొంగబండికి తగిలించాడు. బోల్టు మూడు రోజులు పోలీసుల బెంచీ మీద కూర్చుని వచ్చాడు. అప్పటి నుంచీ ముక్క కోయడం, దానికి ఆ బండి కాగితాలను తీగతో చుట్టి రేకుడబ్బాలో వేయడం, నెలాఖరుకు లిస్టు రాసి డబ్బాను రవాణా ఆఫీసులో అప్పగించడం తప్పకుండా జరుగుతోంది. అక్కడ ముక్కలు కరిగిస్తారు, రిజిస్టరులో బండి పేరు కొట్టేస్తారు. ఇంత నికార్సయిన యార్డు ఇంకోటి లేదని బోల్టు పదిమందిలో చెప్పుకునేవాడు.

మేస్త్రిది ఇరవై రెండేళ్ళుగా ఇనుము కోస్తున్న చెయ్యి. బాడీ ఊడిన ఛాసీ కనిపించింది, పొద్దు వాలుతోంది, ముక్క కోశాడు. బోల్టు ఆసుపత్రి నుంచి అలసిపోయి వచ్చి, చేతిలోని కాగితాలను ఎప్పటిలాగే బల్ల మీది ట్రేలో పడేశాడు. మేస్త్రి వాటిని తీసి ముక్కకు చుట్టి డబ్బాలో వేశాడు. నెలాఖరుకు నలభై మూడు బళ్ళ లిస్టు వచ్చింది. బోల్టు ఫోనులో ఇరుసుల బేరం ఆడుతూ అడుగున సంతకం గీకాడు.

పని మొదలుపెట్టినప్పుడు ఛాసీ దూలంలో ఆ కంత చూసి, బలం తగ్గుతుందని మేస్త్రి దాని మీద దిట్టమైన పట్టీ వేసి అతికాడు. పైన నల్లరంగు కొట్టాడు. యజమానికి తెలిసిన విషయమే కదా అని ప్రత్యేకించి చెప్పలేదు.

పని అంత తేలిగ్గా సాగలేదు. పాత బాడీ వెడల్పు, కొత్త ఛాసీ ఇరుకు. చక్రాల మధ్య దూరం జానెడు తేడా. ముందు మడ్‌గార్డులు కోసి వెనక్కి జరపాల్సి వచ్చింది. ఇంజను ఎత్తుకు క్యాబిన్ నేలలో పెద్ద కన్నం కోసి ఇనుపరేకుతో డొప్ప చేశారు. స్టీరింగు కడ్డీ సూటిగా వస్తే డ్రైవరు మోకాలికి తగులుతోందని వారం తలపట్టుకుని, మధ్యలో రెండు కీళ్ళు పెట్టి వంచారు. మూడుసార్లు చైన్‌కప్పీతో బాడీ ఎత్తి దింపారు. దింపినప్పుడల్లా ఏదో ఒక మూల వేలెడు పైకి లేచేది. మేస్త్రి చుట్టూ తిరిగి చూసి, పాత అల్లుడు కొత్త అత్తారింట్లో కూర్చున్నట్టు కూర్చుందని అన్నాడు. నాలుగోసారి దింపాక ఎనిమిది రబ్బరు బుష్షుల మీదా సమంగా ఆనింది.

బావమరిది చంకకర్రల మీద రోజూ వచ్చేవాడు. తొట్టి చెక్కలు తనే గరుకుకాగితం పెట్టి రుద్దాడు. తలుపు మీద ఏం రాయించాలో నాలుగుసార్లు మనసు మార్చుకుని, చివరికి ఏమీ వద్దు, ఆకుపచ్చ రంగు ఒక్కటే చాలన్నాడు. బండి మొదటిసారి స్టార్టయిన రోజు అతను సీట్లో కూర్చుని చాలాసేపు దిగలేదు.

బాడీ మార్చిన బండిని ఆఫీసుకు తీసుకెళ్ళి చూపించాలి. దానికి ముందు ఛాసీ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయాలి. ఆ పనికి బోల్టు తనే కిందికి దూరాడు. కుడివైపు దూలం మీద చేత్తో తడిమాడు. నున్నగా ఉంది. టార్చి వేశాడు. పట్టీ అంచున వెల్డింగు గీత కనిపించింది.

"మేస్త్రీ, ఇక్కడ నంబరేది?"

"తీసేశాంగా అన్నా."

"ఎప్పుడు?"

"వచ్చిన రోజే. మన దగ్గర నంబరు పొద్దు దాటదు కదా." చేతులు కడుక్కున్నానని చెప్పినంత మామూలుగా చెప్పాడు. బండి కింద టార్చి ఆరేసరికి గొంతు తగ్గించి, "డబ్బాలో పోయింది. లిస్టు మీద సంతకం నువ్వేగా పెట్టావు" అన్నాడు.

బోల్టు బండి కిందే పక్కకు తల తిప్పాడు. అతనికి అటువైపు చంకకర్రలు, వాటి మధ్య కట్టు విప్పిన కాలు కనిపిస్తున్నాయి.

"అచ్చు పడిందా బావా?" అని అడిగాడు బావమరిది.

ఆ తర్వాత పదమూడు రోజులు బోల్టు రవాణా ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. ఎవరూ కసురుకోలేదు, ఎవరూ చెయ్యి చాచలేదు. కసురుకుంటే బతిమాలేవాడు, చెయ్యి చాస్తే బేరమాడేవాడు. రెండు పనులూ అతనికి వచ్చు. రిజిస్టరు గుమాస్తా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మీ సంతకం నాకు కంఠతా వచ్చండీ. ఇన్నేళ్ళలో మీ డబ్బాలో ఒక్క ముక్క తేడా రాలేదు" అన్నాడు. "రోడ్డు మీద ఉన్న బండికి నంబరు అరిగిపోతే మళ్ళీ కొట్టిస్తాం. మీది అరగలేదు. లేదు."

ముక్క తిరిగి ఇవ్వమన్నాడు బోల్టు. అది కరిగి నెల దాటింది. పొరపాటని రాసిస్తానన్నాడు. కోసి అప్పగించిన బండిని మళ్ళీ లేపడానికి రూలు లేదు, ఉంటే ప్రతి దొంగా అదే రాసిస్తాడని గుమాస్తా నొచ్చుకుంటూనే చెప్పాడు. చివరికి బోల్టు బుర్రలో ఒక వెలుగు వెలిగింది. కొత్త బండి పేరు పోతే పోయింది, పాత ట్రక్కు పేరుంది కదా, బాడీ దానిదే కదా. ఆ పేరు మీద ఎక్కించమని అడిగాడు.

గుమాస్తా లేచి వెళ్ళి, దుమ్ముపట్టిన రిజిస్టరొకటి తెచ్చి, పేజీలు తిప్పి, ఒక వరుస మీద వేలు పెట్టి పుస్తకాన్ని అతని వైపు జరిపాడు. మిలిటరీ ట్రక్కు. ఛాసీ ముక్క అప్పగించడమైనది. తొమ్మిదేళ్ళ కిందటి తారీఖు. కింద బోల్టు సంతకం, అప్పట్లో కొంచెం పొడుగ్గా పెట్టేవాడు.

పై అధికారి అర్జీని రెండుసార్లు చదివి మంచినీళ్ళు తెప్పించాడు. ఇందులో మోసం లేదని తనకు తెలుస్తూనే ఉందని, కానీ తాను సంతకం పెట్టడానికి ఈ కాగితంలో చోటెక్కడుందో చూపించమని అడిగాడు. బోల్టు నిజంగానే కాగితం అందుకుని చూశాడు. లేదు.

యార్డుకు వస్తే మేస్త్రి చాటుగా పక్కకు పిలిచి, నంబరు కొట్టే ముద్రలు తన దగ్గర ఒక సెట్టు ఉన్నాయని చెప్పాడు. పాత నంబరు గుర్తుంది, ఒక్క మధ్యాహ్నం పని. బోల్టు వెంటనే కాదనలేకపోయాడు. ఆ మాట బావమరిది చెవిన పడింది.

"మీరు కొట్టినా నేను తోలను బావా. పోలీసులు ఆపితే బెంచీ మీద కూర్చునేది మీరు కాదు, నేను" అన్నాడు. అంతకుముందు వరకూ ఆసుపత్రిలో, యార్డులో నోరారా నువ్వు అన్నవాడు, ఆ రోజు మీరు అన్నాడు. కోపంగా అనలేదు.

ఇంకో బండి కొనిస్తానన్నాడు బోల్టు. చేతిలో ఉన్న సరుకంతా అమ్ముడుపోతే ఏడాదిన్నరకు మాట. ఫర్నిచర్ షాపువాళ్ళు ఏడాదిన్నర ఆగలేదు. సొంతంగా వ్యాను కొనుక్కుని, దానికి డ్రైవరు కావాలన్నారు. బావమరిది ఒప్పుకున్నాడు. ఉదయం ఎనిమిదింటికి షాపు గుమ్మంలో తాళాలు ఇస్తారు, సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి.

ఆ సంగతి చెప్పింది భార్య. అన్నం పెట్టేసి, తను తినకుండా ఎదురుగా కూర్చుంది. "వాడు మిమ్మల్ని ఒక్క మాట అనలేదండీ. నాతో కూడా అనలేదు. తిట్టినా బాగుండేది" అంది. అతను కంచం ముందు నుంచి లేచాడు. ఎప్పుడూ మిగల్చనివాడు ఆ పూట మిగిల్చాడు.

బండిని విప్పేయమని చెప్పింది బావమరిదే. సెలవు రోజున వచ్చి, ఒకసారి స్టార్టు చేసి, గేటు దాకా తోలి, వెనక్కి తెచ్చి పెట్టాడు. తాళంచెవి తీసి బోల్టు అరచేతిలో పెట్టాడు. "రోడ్డెక్కనిదాన్ని పెట్టుకుని చూస్తూ కూర్చోలేను. వచ్చినకాడికి అమ్మి నాకివ్వండి" అన్నాడు.

మేస్త్రి గ్యాసు వెలిగించి, ప్రతి కోతకు ముందూ ఆగాడు. కోయనా అన్నా, అని అడిగాడు. బోల్టు ప్రతిసారీ కుర్చీలోంచి లేచి వెళ్ళి, చూసి, కొయ్యి అన్నాడు. బాడీ దించడానికి ఒక్క పూట చాలింది. ఇంజనూ గేర్లూ ఒకడు కొన్నాడు, ఇరుసులూ చక్రాలూ ఇంకొకడు. పట్టీ వేసిన ఛాసీ కొలిమికి పోయింది. దానికి కోయాల్సిన నంబరు లేదు కాబట్టి లిస్టులో కూడా ఎక్కలేదు. వచ్చిన డబ్బు మొత్తం, కూలీ తీసుకోకుండా, బోల్టు బావమరిదికి ఇచ్చేశాడు. అది ఒక పాత పికప్‌లో మూడోవంతుకు సరిపోతుంది.

బాడీ మళ్ళీ గోడ వారకు చేరింది. నేలలో కన్నం, కోసిన మడ్‌గార్డులు చూసి ఇప్పుడెవరూ నిమరడం లేదు. దాన్ని అక్కడ పెట్టే ముందు బోల్టు తూకం వేయించాడు. అతికిన డొప్ప, పట్టీలు, బ్రాకెట్లు, వెల్డింగు, పచ్చరంగు కలుపుకుని మొదటిసారి గోడ వారకు చేర్చిననాటి తూకం కంటే ముప్ఫై ఒక్క కిలోలు పెరిగింది. అతనికి మిగిలిన లాభం అది.