మంచు గదిలో తమ్ముడు

ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు పగలగొడుతున్న ఆమె, వెనక తలుపులోంచి దూసుకొచ్చిన తమ్ముణ్ణి చూసి సుత్తి వదిలేసింది. వాడి కనుబొమ్మ చిట్లి రక్తం కారుతోంది.

"అక్కా, దాచెయ్యవే. దొరికితే చంపేస్తారు."

వాడు పెద్ద మరబోటు నడుపుతాడు. ఒడ్డుకి దగ్గర్లో చిన్న పడవలవాళ్లు వేసుకున్న వలల మీదుగా ఆ పొద్దున బోటు పోనిచ్చాడు. వలలన్నీ పీలికలైపోయాయి. అందులో ఆమె మొగుడి వల కూడా ఉంది.

అయినా ఆమె వాడి రెక్క పట్టుకుని మంచు గదిలోకి తోసి గడియ పెట్టింది. అంతలోనే తెడ్లూ గొడ్డళ్లూ పట్టుకుని జనం వచ్చిపడ్డారు. ముందున్నది ఆమె మొగుడే.

"నీ తమ్ముడు ఇటొచ్చాడా?"

"రాలేదు."

అతను నమ్మాడో లేదో, గుమ్మంలోనే కూలబడ్డాడు. మిగతావాళ్లు పక్క గోదాముల మీద పడ్డారు. తలుపు తీస్తే వీళ్లు చంపుతారు, తియ్యకపోతే చలి చంపుతుంది. లోపల వాడు తట్టడం మొదలెట్టాడు. ఆ చప్పుడు బయటికి వినపడకుండా దిమ్మని దబదబా బాదింది. ఆగి చెవొగ్గితే, లోపల ఏ చప్పుడూ లేదు.

పరుగెత్తి గడియ లాగేసింది.

వాడు గోడకి జారగిలబడి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. మొగుడు గొడ్డలితో వచ్చేసరికి ఆమె తమ్ముడి మీద అడ్డంగా పడింది.

"ముందు నన్ను నరుకు!"

"బావా..." వాడి పళ్లు టకటకలాడాయి. "బోటు ఓనరే పోనిమ్మన్నాడు. కాదంటే ఇంకోణ్ణి పెట్టుకుంటానన్నాడు."

"పోనిమ్మంటే పోనిస్తావురా? అది మీ అక్క చేత్తో అల్లిన వల!"

వాడి నల్లబడ్డ పెదాల మీద అతని చూపు పడింది. గొడ్డలి పక్కన పడేసి, చొక్కా విప్పి బావమరిదికి చుట్టాడు. జనం తిరిగొస్తే గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"వీణ్ణి ముట్టుకోకండి. వీడు నోరు విప్పితేనే ఓనర్లు దారికొస్తారు."

మధ్యాహ్నం రేవు షెడ్డులో చిన్న పడవలవాళ్లూ బోటు ఓనర్లూ ఎదురెదురుగా కూర్చున్నారు. తమ్ముడు వణుకుతూనే అంతా చెప్పేశాడు. చివరికి ఓనర్లు కొత్త వలలిస్తామని, సముద్రంలో హద్దుకి తేలే ఎర్ర బుంగలు కట్టిన గీత దాటి బోట్లు లోపలికి రావని ఒప్పుకున్నారు. వాడి ఉద్యోగం మాత్రం ఊడింది.

బావే వాణ్ణి తన పడవెక్కించుకున్నాడు. గీత మీద ఆమెకి నమ్మకం లేదు. సముద్రంలో మరబోటు మోత వినిపిస్తే చాలు, పని వదిలేసి ఒడ్డుకి పరుగెడుతుంది. ఇప్పుడు నీళ్ల మీద ఇద్దరూ ఒకే పడవలో ఉంటున్నారు.