రెండూ ఎడమవే

కళ్ళద్దాల షాపులో పనిచేసే ఆ ఇల్లాలు రోజూ పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర తిప్పి ఊడదీసి, దానికి గరిటె పట్టించి, ఒంటి చేత్తోనే చెప్పులేసుకుని బస్సెక్కేది. చెయ్యి ఇంట్లో ఉండి పాలు పొంగకుండా చూసేది, గిన్నెలు తోమేది, మొగుడి చొక్కాలు ఇస్త్రీ చేసేది. అందులో వింతేముంది? ఆ వీధి ఆడవాళ్ళంతా చేసేదే. బస్సు కండక్టరు కూడా అలవాటుపడి, చిల్లర తనే వాళ్ళ పర్సుల్లో వేసేవాడు.

చిక్కల్లా షాపులోనే. అద్దాలు బిగించాలంటే రెండు చేతులుండాలి. పని క్షుణ్ణంగా నేర్చుకుని చేరినా, ఆవిడ ముందు గదిలో డబ్బాలు అందించడంతోనే సరి. తన తర్వాత వచ్చిన మగవాళ్ళు లోపలి బల్ల దగ్గర దర్జాగా కూర్చునేవారు. చివరికి ఒకనాడు షాపాయన, "రేపు రెండు చేతులూ తెచ్చుకుని ఓ జత బిగించి చూపించమ్మా. కుదిరితే బల్ల నీది. లేదంటే ఇంకో మనిషిని మాట్లాడుకుంటా," అన్నాడు.

మర్నాడు ఆవిడ సబ్బునీళ్ళలోంచి తన చేతిని తీస్తుంటే మొగుడు పేపరు దించాడు.

"అక్కావాళ్ళు భోజనానికొస్తున్నారే. దాన్ని ఉండనీ."

"ఇవాళొక్కరోజండీ. రెండూ కావాలి."

"నేను మాత్రం సాయం చెయ్యట్లేదూ? నిన్న నా కంచం నేనే తీశానా లేదా?"

"తీశారు. బల్ల మీంచి తీసి కుర్చీలో పెట్టారు."

"అయినా ఎడమదేగా!"

ఆవిడ చేతిని మణికట్టుకి ఆనించింది. అతకలేదు. మళ్ళీ తిప్పింది. అది జారి కిందపడి, వేళ్ళ మీద లేచి, చకచకా గిన్నెల దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మూల కూర్చున్న అత్తగారు, ఏ కాలమైనా తియ్యని శాలువాని అప్పుడు తీసింది. ఎడమ మణికట్టు దగ్గర చెయ్యి లేదు. నున్నగా, గుడ్డు పెంకులా ఉంది.

"నాదీ ఇలాగే మొదలైందమ్మాయ్."

"మరి... మీ చెయ్యేదత్తయ్యా?"

అత్తగారు గడ్డంతో వంటింటికేసి చూపించింది. సబ్బు నురగలో రెండు చేతులు పోటీపడి తోముతున్నాయి. రెండూ ఎడమవే.

మొగుడు తేరుకుని, "అమ్మా, ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు.

"నువ్వొక్కసారి గిన్నెలు తోమినా కనపడేదిగా నాన్నా. ఏదీ, నీ చెయ్యి ఇలా ఇవ్వు," అని కొడుకు మణికట్టు పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. చెయ్యి ఊడొచ్చింది.

"నాదా!" అని వాడు కెవ్వుమన్నాడు.

అత్తగారు దాన్ని గిన్నెల్లో పడేసింది. పీచు ఎలా పట్టుకోవాలో తెలియక అది నీళ్ళలో తచ్చాడింది. కోడలి చెయ్యి పని ఆపి, ఆశ్చర్యంగా దానికేసి తిరిగింది. అదే అదనని కోడలు తన చేతిని లాక్కుని మణికట్టుకి అదిమింది. ఈసారి అతికింది. తడి కూడా తుడుచుకోకుండా బస్సుకి పరిగెత్తింది.

లోపలి బల్ల దగ్గర కూర్చోగానే ఆ చెయ్యి బల్ల తుడవడం మొదలెట్టింది. ఆపితే కప్పు కడగబోయింది. షాపాయన గడియారం చూసుకున్నాడు. "ఇక్కడ తోమేవేం లేవే తల్లీ," అని ఆవిడ కుడి చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది. అది కాసేపు గింజుకుని ఆగింది. చూపుడువేలు మెల్లగా సాగి, ఆవగింజంత స్క్రూని పైకెత్తింది.

షాపాయన ఆవిడ బిగించిన అద్దాలు పెట్టుకుని కిటికీలోంచి వీధి చూశాడు. "బల్ల నీదేనమ్మా," అన్నాడు గానీ చూపు తిప్పుకోలేకపోయాడు. ఆడవాళ్ళు బస్సు దిగి పనులకి పోతున్నారు.

"రోజూ చూసేవాళ్ళే," అన్నాడు. "ఒక్కొక్క చెయ్యే ఉందేమిటమ్మా వీళ్ళందరికీ!"