దారి పడింది

గుండుసూదులు ఏరే అయస్కాంతం ఆమె మంచం మీదే వదిలేసిందా, సంచిలో వేసిందా, నర్సు చూస్తే నవ్వుతుంది, నవ్వితే నవ్వనీ, ఏ పుట్టలో ఏ పాముందో అని కుట్టు దుకాణం నుంచి తెచ్చి, మొగుడు కునుకు తీసినప్పుడల్లా ఆయన పొట్ట మీద ఆనించి పట్టుకుంది, లోపలున్న రెండు అయస్కాంతాలకీ కాస్త సాయంగా ఉంటుందని, డాక్టరమ్మ కనిపెట్టి, మీరు లాగితే అవి పక్కకి పోతాయమ్మా, వాటి పని వాటిని చేసుకోనీ అని మందలించింది, పైత్యరసం దిగే గొట్టం మూసుకుపోతే, పక్కటెముకల దగ్గర పెట్టిన పైపు గుండా ఒకటి, నోట్లోంచి పేగు దాకా దింపి ఇంకొకటి, శనగగింజంత అయస్కాంతాలు, అడ్డుపడ్డ కండకి చెరో వైపునా, ఒకదాన్నొకటి లాక్కుంటూ మధ్య కండని నొక్కి నొక్కి చంపి కొత్త దారి చేస్తాయట, దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది, అయితే నాకు కాజా తీస్తున్నారన్నమాట అన్నాడాయన, డాక్టరమ్మ కూడా నవ్వింది.

ఆ డాక్టరమ్మే ఇందాక ఎక్స్‌రే ఫిల్ము చూపించింది, రెండూ అతుక్కున్నాయి, దారి పడింది, కామెర్లు తగ్గుతాయి, దురద తగ్గుతుంది, ఆకలేస్తుంది, ఈమె దండం పెట్టబోతుంటే ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, కానీ క్యాన్సర్ గడ్డ కాలేయమంతా పాకిందమ్మా, ఇక కోయడానికి లేదు, ఆయనకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అంది, నేనే చెబుతానని అనేసింది, ఏ నోటితో చెబుతుంది, ఇంత యాతనా ఈ నాలుగు ముద్దల కోసమా, వరండా కుళాయి దగ్గర మొహం కడుక్కుంటే కన్నీళ్ళు ఆగవే.

గదిలో ఆయన దిండుకి ఆనుకుని పాలు తాగుతున్నాడు, కలిశాయటగా అన్నాడు, కలిశాయి అంది, మిగతాది రేపు చెప్పొచ్చు, కాస్త ఓపిక రానీ, ఆయన గ్లాసు పక్కన పెట్టి, ఇంటికెళ్ళగానే నీకు కత్తిరింపు నేర్పుతానే అన్నాడు, పెళ్ళైన నాటి నుంచి గుండీలు కుట్టమన్నాడే గానీ కత్తెర ముట్టనివ్వని మనిషి, తప్పు కోస్తే గుడ్డ మళ్ళీ అతుక్కోదని కసిరే మనిషి, ఇప్పుడెందుకండీ అంది, చెయ్యి కుదరడానికి టైము పడుతుంది, ఆలస్యం చెయ్యకూడదు అన్నాడు, ఆమె వైపు చూడకుండా, చొక్కా మడత సరిచేసుకుంటూ, అప్పుడు తెలిసింది, ఆయనకి చెప్పాల్సిందేమీ మిగల్లేదు, తన ఒంటి సంగతి ఆయనకెప్పుడో తెలుసు, ఇన్నాళ్ళూ ఆమెకి ఎలా చెప్పాలా అని ఒక్కడే కుమిలిపోయాడు.