ఆదివారానికీ సోమవారానికీ ఒకే బ్రేకు

నేను ఒక బ్రేక్ ప్యాడ్‌ను. అరచేతిలో ఇమిడిపోయే ఇనుప రేకు, దాని మీద బొగ్గురంగు గట్టి పెచ్చు, అంతే నా రూపం. కారు ముందు చక్రం లోపల తిరిగే ఇనుప పళ్లేన్ని అటు నేనూ ఇటు నా జంటా కలిసి నొక్కితే బండి ఆగుతుంది. మనుషులు తమ బండి ఎంత వేగంగా పోతుందో చెప్పుకుని మురిసిపోతారు గానీ, ఎంత బాగా ఆగుతుందో చెప్పుకున్నవాణ్ని నేను చూడలేదు. పెళ్లికొడుకు పేరు అందరికీ తెలుసు, వంటవాడి పేరు ఎవరికి కావాలి?

ఇనుప పొడి, రాగి పొడి, గ్రాఫైటు, ఇంకా ఫ్యాక్టరీవాళ్లు బయటికి చెప్పని దినుసులేవో కలిపి, జిగురు పోసి, అచ్చులో అదిమి, పొయ్యిలో కాల్చి నన్ను తయారుచేశారు. నలుగురం ఒకే కాన్పు. మమ్మల్ని పెట్టిన పెట్టె మీద ‘రోడ్డుకూ ట్రాక్‌కూ సరిపోతుంది’ అని పెద్ద అక్షరాలతో అచ్చేశారు. ఆ మాట రాసిన మహానుభావుడు సంసారం చేసి ఎరగడనుకుంటాను. ఇద్దర్ని ఒకేసారి మెప్పించడం ఎంత కష్టమో తెలిసినవాడు అలా రాయడు.

నన్ను కొన్నది నెల్లూరు పెంచలప్రసాద్. పాలిటెక్నిక్‌లో లెక్కలు చెబుతాడు. మనిషి నెమ్మది, మాట మెత్తన, రోడ్డు మీద ఆవు అడ్డమొస్తే హారన్ కొట్టడానికి కూడా మొహమాటపడతాడు. కానీ రెండు నెలలకొక ఆదివారం తెల్లవారకముందే లేచి, హెల్మెట్ పట్టుకుని, చెన్నై దగ్గరున్న రేసు ట్రాక్‌కు పోతాడు. అక్కడ మామూలు మనుషులు మామూలు కార్లు తెచ్చుకుని, పోలీసులూ గతుకులూ లేని దారి మీద మనసుతీరా తిప్పుకోవచ్చు. కిందటిసారి నాలుగో చుట్టులో పాత ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలేశాయట. ఆయన పెడల్ తొక్కుతున్నా బండి ఆగక, మలుపు దాటిపోయి బురదలో కూర్చుంది. ఆ బురదతోనే ఇంటికి వచ్చాడు.

ఆ ఇంట్లో కామాక్షి ఉంది. ప్రసాద్ భార్య, ఆడపిల్లల హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్, ఆర్టీసీ డ్రైవరు కూతురు. వారమంతా ఆ కారు ఆమెదే. బురదను చూసి ఒకే మాట చెప్పింది.

“ఆదివారం మీరేమన్నా చేసుకోండి. సోమవారం పొద్దున బండి నాకు బండి మాదిరి ఉండాల. లేదంటే అమ్మేస్తా.”

అమ్ముతానంటే అమ్మే మనిషే. అందుకే ప్రసాద్ మూడు నెలలు ప్యాడ్ల మీద పరిశోధన చేశాడు. పిల్లను చూసేటప్పుడు కూడా ఇంత విచారించలేదట. గళ్లగళ్ల కాగితం మీద పట్టిక గీసి ఏ ప్యాడు ఎంత వేడి దగ్గర పట్టు వదులుతుందో, ఏది ఎంత మసి రాలుస్తుందో అన్నీ రాసుకున్నాడు. చివరికి ఆ పట్టికను మెకానిక్ ఖాదర్‌బాషా ముందు పరిచాడు.

“ఇదంతా ఏంది సార్, జాతకమా?” అన్నాడు ఖాదర్‌బాషా. “రోడ్డు ప్యాడ్లు చల్లగా ఉన్నంతసేపు బంగారం, ట్రాకులో నాలుగు రౌండ్లకే చేతులెత్తేస్తాయి. రేసు ప్యాడ్లు కాలితేనే పట్టుకుంటాయి. పొద్దున్నే మేడం వీధి మలుపులో తొక్కితే అవి ఇంకా నిద్రే లేవవు. నా మాటిని రెండు జతలు పెట్టుకోండి. ట్రాక్‌కు పోయే ముందు శనివారం మార్చుకుంటే గంట పని.”

పోయిన ప్రతిసారీ చక్రాలు ఎవడు విప్పుతాడని ప్రసాద్ బద్ధకించాడు. రెంటికీ పనికొచ్చేది ఒకటుందిగా అని మా పెట్టె చూపించాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టేవాడికి ఆ రెండు పడవల్ని కలిపి కట్టిన తాడును నేనన్నమాట.

కొత్త ప్యాడ్లకు ముందు అలవాటు చేయాలి. అరవై వేగంలో పోతూ గట్టిగా తొక్కి పదికి తేవాలి, పూర్తిగా ఆగకూడదు, మళ్లీ అరవై. ఇలా పదిసార్లు. ప్రసాద్ ఈ తతంగాన్ని బైపాస్ మీద శాస్త్రోక్తంగా చేస్తుంటే ఆరోసారికి కానిస్టేబుల్ చెయ్యెత్తాడు.

“తాగినావా?”

“లేదు సార్. బ్రేకులకు అలవాటు చేస్తుండా.”

“అలవాటు బ్రేకులకు కాదయ్యా, కాలికి చేసుకో. పో.”

ట్రాక్ మీద నా ప్రతాపం నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు గనక. ఎర్రగా కాలాను, పొగలు కక్కాను, పద్నాలుగు చుట్లలో ఒక్కసారి కూడా జారలేదు. ప్రసాద్ దిగి నా చక్రం పక్కన గొంతుక్కూర్చుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు గర్వమనిపించింది.

సోమవారం వచ్చింది. చల్లటి పొద్దున నేను పనిచేస్తాను గానీ అరుస్తాను. అది నా జాతి లక్షణం. కామాక్షి స్కూలు గేటు దగ్గర తొక్కగానే కీచుమని నేను పెట్టిన కేకకు చింతచెట్టు మీది కాకులన్నీ లేచాయి. అంతకు ముందు ఆమె పిల్లిలా వచ్చి క్లాసుల్లో అల్లరిని పట్టుకునేది. ఇప్పుడు కాలువ వంతెన మీద ఉండగానే నా కేక వినబడుతోంది, ఆమె లోపలికి వచ్చేసరికి బడి మొత్తం పుస్తకాల్లో తల దూర్చి మహా బుద్ధిగా కనిపిస్తోంది. టీచర్లు కూడా. ఒక హెడ్‌మిస్ట్రెస్‌కు ఇంతకంటే అవమానం ఏముంటుంది?

రెండు నెలలు ఓర్చుకుంది. రెండోసారి ట్రాక్‌కు పోయిన ఆదివారం సాయంత్రం, బండి గుమ్మంలో ఆగుతూ ఆగుతూ మళ్లీ అరిచింది.

“రేపు కూడా అరిస్తే ఎల్లుండి బండి అమ్మకానికి పెడతా,” అంది కామాక్షి. ప్రసాద్ నా వైపు ఒకసారి చూసి లోపలికి పోయాడు.

ఈ మాటను వరండాలో మల్లెలు కడుతున్న ఇంకొకామె వింది. ప్రసాద్ తల్లి సుబ్బరత్నమ్మ. ఆమెకు లోకంలో అరిచే వస్తువులన్నిటికీ ఒకే వైద్యం తెలుసు. తలుపు కీచుమంటే నూనె, ఉయ్యాల కిర్రుమంటే నూనె, గిలక మొరాయిస్తే నూనె. సోమవారం పొద్దున వాకిట్లో ముగ్గేసి, కుట్టుమిషన్ నూనెడబ్బా తెచ్చి, దాని పొడుగాటి ముక్కు చక్రం సందులోంచి దూర్చి, రెండు వైపులా మాకు తృప్తిగా అభిషేకం చేసింది.

“అబ్బయ్యకు ఉండేది ఈ ఒక్క సరదానే. నోర్మూసుకుని ఉండండమ్మా,” అని మమ్మల్ని బతిమాలింది కూడా.

బ్రేకుకు నూనె పోయడమంటే మల్లయోధుడి చేతికి వెన్న పూయడమే. వద్దని చెప్పేందుకు నాకున్న భాష ఆ అరుపొక్కటే. అదీ పోయింది.

వీధి మలుపులో బండి నిశ్శబ్దంగా, కొంచెం ఆలస్యంగా నెమ్మదించింది. వెనక బ్రేకులు పుణ్యం కట్టుకున్నాయి. కామాక్షి సంతోషించింది. కాలువ వంతెన దిగుతూ తొక్కింది. నేను ప్రాణం పెట్టి పట్టుకున్నాను, పళ్లెం సబ్బులా జారిపోయింది. ఎదురుగా మూసిన గేటు, దాని ముందు ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఈల పట్టుకుని నిలబడ్డ డ్రిల్లు మాస్టారు. జన్మలో మొదటిసారి నాకు భయమంటే ఏమిటో తెలిసింది.

కామాక్షి డ్రైవరు కూతురని ఊరికే అనలేదు. కేక పెట్టలేదు, కళ్లు మూసుకోలేదు. గేరు కిందికి లాగింది, హ్యాండ్‌బ్రేక్ ఎత్తింది. గేటుకు జానెడు దూరంలో బండి ఆగింది. డ్రిల్లు మాస్టారు పాతికేళ్లుగా పిల్లలకు నేర్పిన గెంతులన్నీ ఒక్కసారే గెంతి అప్పటికే గేటు పైకెక్కేశారు. ఆమె ప్రార్థన చేయించి, హాజరు చూసి, ఆ తర్వాతే మొగుడికి ఫోన్ చేసింది.

సాయంత్రం ఖాదర్‌బాషా షెడ్డులో నన్ను విప్పి చెక్క మీద పెట్టారు. అతను వాసన చూశాడు.

“మిషన్ నూనె, సార్.”

ప్రసాద్ నన్ను చేతిలోకి తీసుకున్నాడు. ముఖంలో రంగు మారిపోయింది. ఆ నూనె ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో అతనికి తెలియక కాదు.

“నేనే పోశా,” అన్నాడు తల దించుకుని. “అరవకుండా ఉంటదని. తప్పయిపోయింది. బండి అమ్మేద్దాం.”

కామాక్షి చేతులు కట్టుకుని అతని వైపే చూసింది.

“మూడు నెలలు పట్టిక రాసుకున్న మనిషి బ్రేకుకు నూనె పోస్తాడా? ఇరవై ఏళ్లుగా బడిలో, చేసిన తప్పు చెయ్యలేదనేవాళ్లనే చూస్తుండా. చెయ్యని తప్పు నెత్తినేసుకునే మనిషిని ఈ పొద్దే చూశా.”

ప్రసాద్ నన్ను మెల్లగా చెక్క మీద పెట్టాడు.

“అత్తను ఏం అనబాకండి, నేనూ అనను. బండి పోతుందని తెలిసి కూడా ఆమె పేరు చెప్పలేదే, దానికోసమన్నా బండి ఉంచాల. ఖాదర్ భాయ్, రెండు జతలు తెప్పించు. సోమవారానికి నాకొకటి, ఆదివారానికి ఈయనకొకటి. ట్రాక్‌కు పోయే ముందు శనివారం, తిరిగొచ్చిన ఆదివారం రాత్రి ఈయనే మార్చుకుంటాడు.”

“నేను మొదట్నించీ చెబుతుండేది అదే కదా మేడం,” అన్నాడు ఖాదర్‌బాషా. కొత్త ప్యాడ్ల విషయంలో ఇక పట్టికల అవసరం ఎవరికీ కలగలేదు.

నూనె తాగిన ప్యాడు మళ్లీ పనికిరాదు. మా నలుగుర్నీ షెడ్డు మూలన తుక్కు డబ్బాలో వేశారు. విరిగిన స్ప్రింగులూ అరిగిన గేర్లూ నా చుట్టాలయ్యాయి.

మరునాడు మధ్యాహ్నం షెడ్డు ముందు ఆటో ఆగింది. సుబ్బరత్నమ్మ దిగింది. కోడలి బండికి బ్రేకు పట్టక డ్రిల్లు మాస్టారు గేటెక్కిన సంగతి ఊరంతా నవ్వుకుంటుంటే ఆమె చెవిన పడింది. ఇంట్లో ఎవరూ ఏమీ అనకపోవడంతో ఆమెకు అంతా అర్థమైపోయింది.

“నాయనా, నేను పాడుచేసినవి యాడుండాయి?” అని అడిగింది.

ఖాదర్‌బాషా డబ్బాలోంచి చేతికి దొరికిన ఒకదాన్ని తీసి ఇచ్చాడు. అది నేనే. పుస్తకానికి కాలు తగిలితే చేసేట్టు, ఆమె నా మీద చెయ్యి ఆనించి ఆ చెయ్యి కళ్లకద్దుకుంది. ఆ చేతికి మసీ నూనే అంటుకుని కనురెప్ప మీద నల్లటి మరక పడింది. ఖాదర్‌బాషా నవ్వలేదు, శుభ్రమైన గుడ్డ వెతికి ఇచ్చాడు.

“నా కోడలు పోయేది కదయ్యా,” అంది ఆమె. గుడ్డతో కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడింది.