ఇంగువ డబ్బా రెగ్యులేటరు

బల్బు మళ్లీ మాడిపోయింది. కొడల సంత నుంచి వస్తూ పురుషోత్తంపురం దాటాక, సరిగ్గా చీకటి పడే వేళకి, మోటారుసైకిలు దీపం ఒక్కసారి పెళ్లికొడుకు మొహంలా వెలిగి టప్పుమని చచ్చింది. లక్ష్మణరావు బండి దిగి ఆ దీపాన్నీ, దానికి కరెంటిచ్చే డైనమోనీ, రెంటినీ కనిపెట్టిన తెల్లవాళ్లనీ, వాళ్లకి చదువు చెప్పిన పంతుళ్లనీ వరసగా తిట్టాడు. తర్వాత చేసేదేమీ లేక ఒక ఎడ్లబండి వెనకాలే నెమ్మదిగా నడుపుకుంటూ బరంపురం చేరాడు. ఎడ్లబండి కింద వేలాడే లాంతరు దారి పొడుగునా హాయిగా వెలుగుతూనే ఉంది. అది చూస్తే ఇంకా ఒళ్లు మండింది.

లక్ష్మణరావు తండ్రి వెంకటరమణమూర్తికి పెద్దబజారులో పచారీ కొట్టు ఉంది. సంతల్లో చింతపండు, పెసలు కొని బస్తాలు బండ్లకెత్తించి రావడం లక్ష్మణరావు పని. ఆ పని అతనికి సమర్థత వల్ల దక్కింది కాదు. ఇరవయ్యో ఏట తండ్రి అతన్ని తక్కెడ దగ్గర కూర్చోబెట్టాడు. ముల్లు మధ్యకి రాగానే లక్ష్మణరావు చెయ్యి ఆగిపోయేది. కొసరు వేసేవాడు కాదు. ఒడియా ఆడవాళ్లు "ఆవు టికే" అంటూ ఇంకాస్త కోసం గిన్నె చాపితే, ముల్లు కేసి వేలు చూపించేవాడు. రోజూ వేసే కొసరు ఏడాదికి ఎన్ని బస్తాల జీలకర్ర అవుతుందో లెక్క కట్టి తండ్రికి వినిపించాడు కూడా. ఆ లెక్క తేలేలోగా బేరాలన్నీ ఎదురుకొట్టుకి నడిచిపోయాయి.

"నీ సెయ్యి తక్కెడకి పనికిరాదురా," అని తండ్రి అతన్ని లేవగొట్టి సంతలకి తరిమాడు. లక్ష్మణరావుకి అదే వరమైంది. ఖల్లికోటలో ఒక సర్వే దొర సీమకి పోతూ అమ్మేసిన పాత మోటారుసైకిలు కొనిపించుకున్నాడు. ఎవరి గొణుగుడూ వినబడకుండా, మొహాన గాలి కొడుతుంటే దుమ్ము రేపుకుంటూ పోయే ఆ సంత రోజులే అతనికి బతుకు. కొట్లో గడిపే మిగతా రోజుల్ని వాటి కోసమే ఓర్చుకునేవాడు.

అందుకే మర్నాడు తండ్రి అన్న మాటకి అతని గుండె జారింది.

"ఇంకొక్కసారి చీకట్లో ఆ దీపం ఆరిందంటే బండి అమ్మీస్తాను. మొన్న కల్వర్టు మీంచి పడ్డావు. రేపు ఏ లారీ కిందో పడతావు. సంతకి మన రామచంద్రుడు బస్సులో ఎల్తాడు. నువ్వు గోడౌన్లో కూకుని గోనెలు లెక్కెట్టుకో."

రామచంద్రరావు బాబాయి కొడుకు. కొట్లో చిట్టాలు రాస్తాడు. తొక్కుడు సైకిలు ఎక్కితేనే కళ్లు తిరిగే మనిషి. సంత రోడ్డు అలాంటివాడి పాలవుతుందన్న ఊహకే లక్ష్మణరావుకి అన్నం సయించలేదు.

బండి జబ్బేమిటో అతనికి తెలుసు. జోరు పెరిగేకొద్దీ డైనమో అవసరానికి మించి కరెంటు కక్కుతుంది. బల్బు మాడుతుంది, బేటరీ పొంగుతుంది. దాన్ని అదుపులో పెట్టే రెగ్యులేటరు కావాలని మద్రాసు కంపెనీకి రాస్తే, అది కొత్త బళ్లకే వస్తుంది, తమరు కొత్త బండి కొనుక్కోవలసిందని మర్యాదగా జవాబిచ్చారు. జిల్లాని మద్రాసు నుంచి తీసి ఒరిస్సాలో కలిపేస్తారని అప్పటికే బజారంతా గోలగా ఉంది. ఇలాంటి మద్రాసుతో ఉంటే ఎంత, పోతే ఎంత అనిపించింది లక్ష్మణరావుకి. తనే తయారు చేసుకుందామని కూర్చున్నాడు.

లావుపాటి బోల్టు చుట్టూ సన్నని రాగి తీగ చుట్టాడు. చుట్లు లెక్కపెడుతూ ఉండగా కొట్లోంచి తండ్రి "ఒరే, పెసల బస్తా ఎక్కడెట్టేవురా?" అని కేకేసేవాడు. లెక్క పోయేది. తీగంతా విప్పి మళ్లీ మొదలు. ఆ బోల్టు ఎదురుగా ఒక ఇనప రేకు, రేకుని వెనక్కి లాగి ఉంచడానికి ఒక స్ప్రింగు పెట్టాడు. కరెంటు హద్దు దాటితే బోల్టు అయస్కాంతమై రేకుని లాక్కుంటుంది, డైనమో జోరు తగ్గుతుంది. తగ్గగానే స్ప్రింగు రేకుని వెనక్కి లాగేస్తుంది. ఈ లాగులాట తుమ్మెద రొదలా ఎడతెగకుండా సాగుతుంటే కరెంటు హద్దులో ఉంటుంది. రేకు తగిలేచోట అతికించడానికి భార్య వాసవీకుమారి తెగిపోయిన పట్టీలోంచి వెండి ముక్కిచ్చింది. అంతా కలిపి ఒక ఇంగువ డబ్బాలో బిగించాడు. ఎంత కడిగినా డబ్బాకి వాసన పోలేదు. కాస్త వేడెక్కితే చాలు, పెరడంతా పులిహోర తాలింపే.

స్ప్రింగుని బిగించడానికి ఒక స్క్రూ ఉంది. దాన్ని బిగిస్తే కరెంటు హద్దు పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. కిటుకంతా ఆ స్క్రూలోనే.

వెంకటరమణమూర్తి వచ్చి డబ్బాలోకి తొంగి చూశాడు. "ఎంతకి కట్టేవు?"

"ఏడు వోల్టులకి నాన్నా."

"ఏడంటే ఏడేనా? పైన పిసరంతైనా ఎయ్యలేదా?"

"ఎక్కువైతే మాడిపోద్ది. దీనికి కొసరు పనికిరాదు."

"కొసరు పనికిరానిది లోకంలో ఏదీ లేదురా. పీనాసి ఎలుగు ఇంటికి మంచిది కాదు," అని తండ్రి తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్లిపోయాడు. లక్ష్మణరావు పళ్లు నూరుకున్నాడు.

పెరట్లో బండిని స్టాండు మీద నిలబెట్టి ఇంజను జోరుగా తిప్పేవాడు. వాసవి మీటరు పట్టుకుని ముల్లు చదవాలి. అతను స్క్రూ తిప్పుతాడు.

"ఈ ముల్లు..." అని ఆమె ఏదో అనబోతే, "నువ్వేటీ మాటాడకు. ఏడు వొచ్చినప్పుడు సెప్పు, సాలు," అనేవాడు.

"ఏడు."

"మీటరు తీసీ."

ఆమె తీసేది. అతను మూత పెట్టి గోపాలపురం రోడ్డు మీదికి బయల్దేరేవాడు. తండ్రి బెదిరింపు గుర్తుండి చీకట్లోకి పోయే ధైర్యం లేదు. పట్టపగలే దీపం వెలిగించుకుని తిరిగేవాడు. దారిన పోయేవాళ్లంతా చేతులు ఊపి "దీపం, దీపం!" అని అరిచేవారు. చేపల గంపలతో సోనేపూరు నుంచి వచ్చే బుల్లమ్మ అయితే ఒకసారి ఆపి మరీ అడిగింది: "ఏటి బాబూ, సూరీడు కనపడ్డం లేదేటి?" జవాబు చెప్పేలోగా టప్పుమంది బల్బు.

మర్నాడు మళ్లీ ఏడుకి కట్టాడు. ఈసారి బేటరీ పొంగి యాసిడ్ పంచె మీద చిమ్మింది. అక్కడ తీగలు సరిచేశాడు. ఇంకోసారి ఏడుకి కట్టాడు. బల్బు పోయింది. బోల్టు మార్చాడు, రేకు మార్చాడు. పోయింది. పెరట్లో ఏడు చూపించిన డబ్బా రోడ్డెక్కేసరికి ఎనిమిదికి ఎలా ఎగబాకుతోందో అంతుపట్టలేదు.

"ఈ పంచెలు ఉతకమంటారా, పిండి జల్లించుకోమంటారా?" అంది వాసవి, చిల్లుల్లోంచి వేళ్లు దూర్చి చూపిస్తూ.

అప్పుడు తట్టింది లక్ష్మణరావుకి. తండ్రి! తను స్నానానికో భోజనానికో వెళ్లినప్పుడు వచ్చి స్క్రూకి కొసరు వేసి పోతున్నాడు. ఇంకెవరికుంది ఆ బుద్ధి? ఆ రోజు డబ్బా మూతకి కొట్లోని లక్క వేసి కొట్టు ముద్ర కొట్టాడు. ముద్ర చెదరలేదు గాని బల్బు మాత్రం మాడింది. వేరేవాడైతే అక్కడితో తండ్రిని వదిలేసేవాడు. లక్ష్మణరావుకి మాత్రం, లక్కా తండ్రిదే, ముద్రా తండ్రిదే, విప్పి మళ్లీ వేయడం ఎంతసేపు అనిపించింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు మరి.

మాడిన బల్బు పట్టుకుని తిన్నగా కొట్లోకి వెళ్లాడు. బేరాలు నిండుగా ఉన్నాయి.

"నా డబ్బా ముట్టుకోవద్దని సెప్పేనా, లేదా? నీ కొసరు పిచ్చి జీలకర్రతో సరిపెట్టుకోలేవేటి? నా బండిని సంపీడానికే కంకణం కట్టుకున్నావా?"

పసుపు కొంటున్న ఒడియా ఆడవాళ్లు కొంగులు సర్దుకుని పక్కకి జరిగారు. వెంకటరమణమూర్తి కేకలెయ్యలేదు. చేతిలో పసుపు అలాగే పట్టుకుని, "నేను ముట్టుకోలేదురా," అన్నాడు. "నేనేస్తే సెప్పే ఏస్తాను. దొంగతనంగా ఏసీది కొసరు కాదు," అని తూకంలోకి తల దించేసుకున్నాడు.

ఆ మొహం చూశాక లక్ష్మణరావుకి తండ్రి అబద్ధమాడటం లేదని తెలిసిపోయింది. నలుగురిలో అనేసిన మాట వెనక్కి రాదు. పెరట్లోకొచ్చి డబ్బాని కాలితో తన్నాడు. వేలికి దెబ్బ తగిలింది.

"మావయ్యగారిని అంతలేసి మాటలనేసేరు," అంది వాసవి.

"మరి ఎవరు తిప్పుతున్నట్టు? దెయ్యమా?"

"మీరే కదండీ."

"ఏటి?"

"నేను ఏడు అంటాను. మీరు మీటరు తీసీమంటారు. తీసేక స్క్రూని ఇంకొంచెం అలగ తిప్పుతారు కదా. ప్రతిసారీ తిప్పుతారు."

"నేనా? నేనెప్పుడూ తిప్పలేదు!"

"తిప్పుతారు. అదీ ఓ పద్ధతేమో అనుకున్నాను."

"మరి ముందే సెప్పలేదేటి?"

"సెప్పనిచ్చేరా? మాటాడకు, ముల్లు సూడు అన్నారు. సూసేను."

లక్ష్మణరావు కోపంగా ఇంజను తిప్పాడు. మీటరు తగిలించాడు. ఏడు వచ్చింది. మీటరు తీసింది వాసవి. అతను తన చేతినే తదేకంగా చూస్తున్నాడు. అయినా బొటనవేలూ చూపుడువేలూ స్క్రూ మీద పిసరంత, ఎంతో ప్రేమగా, ముందుకి జరిగాయి. తక్కెడ దగ్గరైతే బుర్ర కాపలా కాసేది. ఇక్కడ మీటరు తీసేశాక పనైపోయిందని బుర్ర లేచి వెళ్లిపోయేది, చెయ్యి తన పని తను చేసుకుపోయేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఈ బుద్ధి తనకి పుట్టుకతో వచ్చిందనే అతనికి ఇన్నాళ్లూ తెలియదు.

"నువ్వు తిప్పు," అన్నాడు నీరసంగా, స్క్రూడ్రైవరు భార్య చేతికిస్తూ. "నీకు రాదా కొసరు? నువ్వూ కొట్టున్నోళ్ల పిల్లవే కదా."

"కొట్టు మా అన్నయ్యలు సూసుకునీవారు. నాది వంటిల్లు. ఎసట్లో కొసరేస్తే పొంగి పొయ్యి ఆరిపోద్ది," అని వాసవి ఏడు దగ్గర ఆపి, మూత పెట్టి, చెయ్యి తుడుచుకుంది.

ఆ వారం లక్ష్మణరావు కావాలనే ఆలస్యంగా కొడల నుంచి బయల్దేరాడు. చీకటి పడింది. పురుషోత్తంపురం వచ్చింది, వెనకపడింది. జోరు పెంచాడు, తగ్గించాడు, గుంటల్లో ఎగిరాడు. దీపం చెక్కుచెదరలేదు. రోడ్డు మీద వెలుగు చాప పరిచినట్టు అతని ముందే పోతూ ఉంది. కడుపులోంచి నవ్వొచ్చింది. బండి తనది, రోడ్డు తనది. బరంపురం వచ్చేదాకా గట్టిగా పాడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే, బేరాలకొచ్చినవాళ్లంతా చూస్తుండగానే తండ్రి దగ్గరకి వెళ్లాడు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే దించుకోవాలనుకున్నాడు.

"నాన్నా, దీపం బాగైంది. తప్పు నీది కాదు. ఊరికే అన్నాను నిన్ను. స్క్రూ తిప్పింది నేనే. నాకే తెలీకుండా తిప్పేను."

వెంకటరమణమూర్తి తూకం ఆపాడు. "తెలీకుండానా?"

"ఏడుకి కట్టి మీటరు తీసేక, సెయ్యి ఇంకాస్త తిప్పీస్తోంది. వాసవి సెప్తే గాని తెలీలేదు."

"ముల్లు తీసేక?"

"తీసేకే."

"ఎలగ తిప్పేవు? సూపించు."

లక్ష్మణరావు సిగ్గుపడుతూ బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో పిసరంత జరిపాడు. తండ్రి ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బుర్రతో ఇచ్చీది లెక్కరా. సెయ్యి ఇచ్చీదే కొసరు. నీకు లేదనుకున్నాను. నా తరవాత ఈ తక్కెడ పట్టీవోడు లేడనుకున్నాను." అంటూ తన కుడిచెయ్యి చాపి చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "మూడు నెలలై ముల్లు నిలబడ్డం లేదు. కొసరు నేనిస్తన్నానో, ఈ ఒణుకు ఇస్తందో నాకే తెలీడం లేదు. ఇంక నువ్వు కూకో."

"మరి సంతో?"

"రామచంద్రుడు ఎల్తాడు. నీ బండి మీదే ఎల్తాడు. దీపం బాగుసేసేవు కదా."

"ఆడికి సైకిలే రాదు నాన్నా!"

"నేర్పు."

లోపల చిట్టా ముందు కూర్చున్న రామచంద్రరావు మొహం తెల్లగా పాలిపోయింది. లక్ష్మణరావుకి నోటిదాకా వంద మాటలొచ్చాయి. నాకొద్దీ తక్కెడ అందామనుకున్నాడు. రోడ్డు లేకపోతే నేను బతకలేనందామనుకున్నాడు. అది నిజం కూడా. కాని తండ్రి చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది, ఇంకా వణుకుతోంది. మొన్న ఇదే జనం ముందు ఆ చేతినే దొంగని చేశాడు. దీపాన్ని దాని ఖర్మానికి మాడనిచ్చి ఉంటే ఎంత బాగుండేది! గోనెలు లెక్కపెట్టమన్నప్పుడు పేచీ పెట్టొచ్చు, పారిపోవచ్చు. దీన్నుంచి ఎక్కడికని పారిపోతాడు?

వెంకటరమణమూర్తి చాప మీద పక్కకి జరిగాడు. తనని, రాగి తీగని, ఇంగువ డబ్బాని, నోరు ఊరుకోలేక క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చిన తన బుద్ధిని పేరు పేరునా తిట్టుకుంటూ లక్ష్మణరావు వెళ్లి ఆ ఖాళీలో కూర్చున్నాడు.