సన్నవాడు తిన్నంత

రంపపు పొట్టు వాసన. ఆ వాసన అడుగున, ఎడతెగని సన్నని వానలా — మేత కొరికే చప్పుడు.

ప్రయోగశాలలో నాలుగు వందల ఎలుకలు.

ఒక్కొక్కదాన్నీ తోక పట్టి ఎత్తి, ఆమె తూచింది. లావైనవాటినీ సన్ననివాటినీ జతకట్టించి, వాటి పిల్లల్లో, ఆ పిల్లల పిల్లల్లో, లావు ఏ జన్యువు వెంట నడిచి వస్తోందో పదకొండేళ్లు వెతికింది.

దొరికింది. ఒక జన్యువు. అందులో ఒకే ఒక్క అక్షరం తేడా.

సంతోషం రాలేదు. ఏదీ రాలేదు.

చివరి పరీక్ష మిగిలింది. ఒకే కాన్పులో పుట్టిన ఎలుక అన్నదమ్ములు ఇద్దరు — ఒకడికి ఆ తేడా ఉంది, ఒకడికి లేదు. సన్నవాడు నిన్న ఎంత తిన్నాడో లావువాడికి ఇవాళ అంతే. ఒక్క పలుకు ఎక్కువ లేదు. అయినా లావువాడు ఊరుతూనే ఉన్నాడు... ఖాళీ తొట్టి కమ్మీలు నాకుతూ, ఆకలితో, ఊరుతూ.

వీడికి గాలి పీల్చినా ఒంటబడుతుందని పంజరాలు కడిగే పెద్దాయన నవ్వాడు.

ఆమె నవ్వలేదు. ఈ కొలత ఆమెకు కొత్తది కాదు.

ఆమెకొక అక్క. చిన్నప్పటినుంచీ లావే. చెల్లెలికి వడ్డించినంతే అక్కకూ వడ్డించేది అమ్మ. తినుబండారాల అల్మారా తాళంచెవి మాత్రం చెల్లెలి మెడలో వేసింది. ఎన్ని నెలలైనా అక్క ఒళ్లు తగ్గలేదు. ఇది దొంగతనంగా గాని తింటోందా అని అమ్మ అడిగింది. తింటోందని చెప్పింది చెల్లెలు.

చూసి కాదు. ఇంకో కారణం ఉండదనుకుని.

ఆ రోజు మొదలు అక్క నలుగురిలో కూర్చుని తినలేదు. ముప్పయ్యేళ్లు.

మధ్యాహ్నం ఎలుకల గదిలోంచే ఆమె అక్కకు ఫోన్ చేసింది. అంకెలన్నీ వరసగా చెప్పింది. నీలోనూ అదే ఉందని చెప్పలేనంది. ఆనాడు తాను చెప్పింది మాత్రం అబద్ధమంది. గొంతు వణకలేదు. వణికితే బాగుండుననుకుంది, అంతే.



"నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెబితే నమ్మలేదు. ఎలుక చెబితే నమ్మావుటే?" అంది అక్క. కోపం లేదు ఆ గొంతులో. అలసట కూడా లేదు.

తర్వాత మెల్లగా — "పోనీ, వాడికి ఇవాళైనా కడుపునిండా పెట్టావా?"

పెట్టకూడదు. ఇంకా తొమ్మిది రోజుల కొలత ఉంది. పదోనాడు కొవ్వు తూచాలి — కోసి.

ఆమె లావువాడి ఖాళీ తొట్టి వైపు చూసింది. అక్క ఫోన్ పెట్టేయలేదు.

ఇద్దరి మధ్యా, గదినిండా, ఆ సన్నని వాన కురుస్తూనే ఉంది...

ఒక్క పంజరంలో తప్ప.