వెంట్రుకంత తీగ

నాయనమ్మ కంటికి ఆపరేషన్ ఆ మధ్యాహ్నమే. ఇంతకుముందు ఒకసారి వాయిదా పడింది. ఈసారి కూడా తప్పితే ఉన్న కాస్త చూపూ దక్కదని డాక్టరమ్మ తెగేసి చెప్పింది. ఆసుపత్రేమో గుట్ట మీద. కారేమో నిన్నటి నుంచి చిన్న ఎత్తు ఎక్కమన్నా ముక్కి మూలిగి ఆగిపోతోంది.

మెకానిక్ ఊళ్లో లేడు. ఫోన్లోనే చెప్పాడు. "ఇంజిన్లోకి పోయే గాలిని కొలిచే సెన్సర్ ఒకటుంటుంది సార్. దుమ్ము పట్టుంటుంది. బయటికి తీసి, దానికని అమ్మే స్ప్రే కొట్టి ఆరనివ్వండి. లోపల వెంట్రుకంత తీగ. ముట్టుకున్నారో, పోయినట్టే! తడి ఆరకముందే బిగించినా అంతే."

నాన్న వేళ్లు లావు. పని కూతురి మీద పడింది. నోట్లో నాలుక లేని పిల్ల కనుక ఇంట్లో అందరూ ఆమెను గువ్వ అంటారు. గువ్వ ఊపిరి బిగబట్టి స్క్రూలు విప్పి సెన్సర్ని బయటికి తీసింది. స్ప్రే కొడితే నల్లటి చుక్కలు కారాయి. దాన్ని కిటికీ గట్టు మీద ఆరబెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి కిటికీ దగ్గర నాయనమ్మ! చూపు మసకబారాక ఆవిడ ఇల్లంతా వేళ్లతోనే చూస్తుంది. గట్టు మీద పాకుతున్న చెయ్యి సెన్సర్ దగ్గర ఆగింది.

"ముట్టుకోకు!"

గువ్వ గొంతు అంత పెద్దదని ఇంట్లో ఎవరికీ తెలియదు. నాయనమ్మ ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. వేలి కొసన తడి మెరిసింది.

నాన్న పరుగున వచ్చాడు. "అయిపోయింది! కనబడ్డదల్లా కెలకొద్దని ఎన్నిసార్లు చెప్పానమ్మా?"

"కనబడితే ఎందుకు కెలుకుతానురా?"

గువ్వ సెన్సర్ మీదికి వంగింది. "నాయనమ్మా, వేలికి ఏం తగిలింది?"

"నున్నటి అంచు. పెన్ను మూతలా గట్టిగా ఉంది. లోపలికి బొక్క. వేలు పెట్టబోతుంటే నువ్వు పిడుగులా పడ్డావు."

"తీగ తగల్లేదా?"

"పళ్లెంలో వెంట్రుక పడితే ఈ ఇంట్లో ముందు పట్టేదెవరే? తగిలితే తెలీదా నాకు?"

నాన్న నమ్మలేదు. గువ్వ నమ్మింది.

"టైమైపోతోంది. ఇలా తే, ఊదితే ఆరిపోతుంది," అన్నాడు నాన్న.

గువ్వ కిటికీకి అడ్డంగా నిలబడింది. "ఆరేదాకా ఇవ్వను నాన్నా."

నాన్న గడియారాన్నీ కూతుర్నీ మార్చి మార్చి చూశాడు. చివరి చెమ్మ కూడా పోయాకే ఆమె దాన్ని బిగించింది.

కారు స్టార్టయింది. కానీ అసలు పరీక్ష గుట్ట దగ్గరే. నిన్న ఆగిపోయిన మలుపు రాగానే నాన్న స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకున్నాడు. గువ్వ కళ్లు మూసుకుంది. ఇంజిన్ ఒక్కసారి గుక్క తిప్పుకున్నట్టు తగ్గి, మళ్లీ అందుకుంది. మలుపు వెనక్కి పోయింది. నాన్న ఊపిరి బయటికి వదిలాడు.

ఇంటి దగ్గర నుంచీ మూతి ముడుచుకుని కూర్చున్న నాయనమ్మ వెనక సీట్లో మెల్లగా చెయ్యి చాచింది. పక్కనే ఉన్న గువ్వ మోచేతి దగ్గర ఆపింది.

"ఇప్పుడు ముట్టుకోవచ్చా?"